వీధి మండిన మర్నాడు: ఆందోళన హింసాత్మకమైతే ఫలితాన్ని అంచనా వేయడం ఎలా

ఎక్కడో ఒక ఊరేగింపు కట్టు తప్పుతుంది, వాహనాలు తగలబడతాయి. రాత్రి తొమ్మిదింటికల్లా టీవీలో రెండు తీర్పులు సిద్ధం. హింసతో సాధించేది ఏమీ ఉండదని ఒకాయన ఢంకా బజాయిస్తాడు. అద్దాలు పగలనిదే ఏ ప్రభుత్వానికీ చెవులు పనిచేయవని ఇంకొకాయన బల్ల గుద్దుతాడు. నేను పత్రిక డెస్కులో పనిచేసి రిటైరైన మనిషిని. దేశదేశాల అల్లర్ల గురించి ఏజెన్సీలు పంపే వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీకి ఎక్కించడం నా పని. ఈ రెండు వాక్యాలనూ ఎన్నిసార్లు అచ్చు వేశామో లెక్కలేదు. ఇద్దరికీ చరిత్రలో ఉదాహరణలు దొరుకుతాయి, చిక్కంతా అక్కడే ఉంది.

డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. విలేకరులకే కాదు, ఉద్యమాలు నడిపేవారికీ, వార్త చదివి సొంతంగా ఒక అంచనాకు రావాలనుకునే వారికీ పనికొస్తుంది. హింస న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, అందులోకి నేను పోను. దాని తర్వాత జనం ఎటు మొగ్గారు, ప్రభుత్వం ఏం చేసింది అన్నంతవరకే నా పద్ధతి.

ముందు తేదీలు

ఒక తెల్ల కాగితం తీసుకోండి. అల్లర్లు జరిగిన తేదీని పైన రాయకండి, సరిగ్గా మధ్యలో రాయండి. పై సగం అంతకుముందు జరిగినవాటికి, కింది సగం తర్వాత జరిగినవాటికి. చాలామంది కింది సగమే నింపుతారు. మంట పెట్టారు, పన్ను రద్దయింది, కాబట్టి మంట పనిచేసింది అంటారు.

బ్రిటన్ పోల్ టాక్స్ కథతో ఇది చేసి చూడండి. ధనికుడైనా పేదైనా తలకు ఒకే పన్ను అన్న ఆ పథకం ఇంగ్లండులో అమల్లోకి రావడానికి ముందు రోజు, 1990 మార్చి 31న, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పెద్ద ప్రదర్శన అల్లర్లుగా మారింది. అదే ఏడాది నవంబరులో థాచర్ ప్రధాని పదవి వదులుకున్నారు. 1991 మార్చిలో కొత్త ప్రభుత్వం ఆ పన్నును ఎత్తేస్తామని ప్రకటించింది. కింది సగం మాత్రమే చూస్తే, ఆ ఒక్క సాయంత్రం ఒక ప్రధానిని దించేసినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు పై సగం నింపండి. స్కాట్లండులో ఈ పన్ను ఏడాది ముందే, 1989 ఏప్రిల్లోనే, మొదలైంది. అక్కడ జనం పెద్ద ఎత్తున పన్ను కట్టకుండా కూర్చున్నారు. అల్లర్లకు తొమ్మిది రోజుల ముందు, మార్చి 22న, మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఉప ఎన్నికలో అధికార పార్టీ తన సీటును పోగొట్టుకుంది. అంటే ఓటరు కోపం అద్దాలు పగలకముందే పెట్టెలో పడింది. అల్లర్ల తర్వాత కూడా అసలు దెబ్బ ఎగవేతదే. నోటీసులు, కోర్టులు, మళ్లీ నోటీసులతో స్థానిక సంస్థలు అలసిపోయాయి. థాచర్ పతనంలో ఐరోపా విషయమై సొంత పార్టీలో పుట్టిన చీలిక కూడా ఉంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌కు ఇందులో పాత్ర లేదని నేను అనను. కానీ దాని వంతు ఎంత అని అడగడానికి కూడా పై సగం నిండాలి.

మనకు దగ్గరి ఉదాహరణ 1952. పొట్టి శ్రీరాములు అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. వెంటనే ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు చెలరేగాయి. రైళ్ల మీద దాడులు, పోలీసు కాల్పులు, మరణాలు. డిసెంబరు 19న ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూ ప్రకటించారు. అల్లర్ల వల్లేనా? కాగితం పై సగంలో 1913 నాటి బాపట్ల ఆంధ్ర మహాసభ నుంచి మొదలుపెట్టి రాయాలి. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సంఘం నివేదికలోనే ఆంధ్ర రాష్ట్రానికి సూత్రప్రాయంగా దారి వదిలారు, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలన్న షరతుతో. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చినప్పుడు కూడా మద్రాసు రాలేదు. నా లెక్క ప్రకారం శ్రీరాములు మరణం, దాని వెంట వచ్చిన అల్లర్లు ముహూర్తాన్ని ముందుకు జరిపాయి, షరతును మార్చలేదు. చాలాచోట్ల ఇదే కనిపిస్తుంది. హింస గడియారాన్ని తిప్పగలదు, బేరం సరుకును మార్చడం దాని వల్ల అంత సులభంగా కాదు. అందుకే ‘ఎప్పుడు ఇచ్చారు’, ‘ఏం ఇచ్చారు’ అన్న రెండింటినీ విడివిడిగా రాసుకోండి.

మొదటి దెబ్బ ఎవరిదిగా కనిపించింది?

ప్రజాభిప్రాయం విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం ఖర్చుపెట్టేది ఈ ప్రశ్న మీదే. ఎంత హింస జరిగింది అన్నదాని కంటే ఎవరు మొదలుపెట్టినట్టు కనిపించింది అన్నది జనాన్ని ఎక్కువగా కదిలిస్తుంది. ‘కనిపించింది’ అన్న మాట కావాలనే వాడుతున్నాను. ఊరేగింపు దగ్గర ఉన్నది కొన్ని వేల మంది, తీర్పు చెప్పేది ఇంట్లో కూర్చుని చూసిన కోట్ల మంది.

1965 మార్చి 7న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఓటు హక్కు కోసం దాదాపు ఆరు వందల మంది సెల్మా నుంచి నడక మొదలుపెట్టారు. ఎడ్మండ్ పెటస్ వంతెన దాటగానే రాష్ట్ర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో మీద పడ్డారు. నడిచేవాళ్లు తిరగబడలేదు. ఆ రాత్రి ఏబీసీ ఛానల్ నాజీ నేరాల విచారణ మీద తీసిన సినిమా ప్రసారం చేస్తోంది. దాన్ని మధ్యలో ఆపి సెల్మా దృశ్యాలను సుమారు పావుగంట చూపించింది. జర్మనీలో జరిగిన ఘోరం గురించి సినిమా చూస్తున్న ప్రేక్షకుడి ముందుకు సొంత దేశపు పోలీసు లాఠీ వచ్చి పడింది. ఎనిమిది రోజుల తర్వాత, మార్చి 15న, అధ్యక్షుడు జాన్సన్ కాంగ్రెస్ ఉభయసభల ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కావాలని అడిగారు. ఆగస్టు 6న సంతకం చేశారు.

ఇక ఆగస్టు 11కు రండి. సంతకం ఆరి ఐదు రోజులే. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో ఒక వాహన తనిఖీ దగ్గర మొదలైన గొడవ ఆరు రోజుల అల్లర్లయింది. 34 మంది చనిపోయారు. అక్కడి నల్లజాతివారి కష్టాలు సెల్మా కష్టాల కంటే చిన్నవేమీ కావు. కానీ టీవీలో కనిపించింది తగలబడుతున్న దుకాణాలు. చర్చ హక్కుల నుంచి శాంతిభద్రతల వైపు జరిగిపోయింది.

దీన్ని ఒమార్ వాసో అనే పరిశోధకుడు 2020లో ప్రచురించిన అధ్యయనంలో లెక్క కట్టాడు. 1960 నుంచి 1972 దాకా జరిగిన నల్లజాతి ఆందోళనలను తీసుకుంటే, శాంతియుత ఆందోళనలు జరిగిన చోట్లకు దగ్గరి కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) జాన్సన్ పార్టీ అయిన డెమొక్రాటిక్ పార్టీ ఓటు 1.6 నుంచి 2.5 శాతం పెరిగింది. 1968లో మాత్రం, ఆందోళనకారులే మొదలుపెట్టిన హింస 1.5 నుంచి 7.9 శాతం దాకా తెల్లజాతి ఓటును రిపబ్లికన్ల వైపు నెట్టి ఉంటుందని ఆయన అంచనా. ఆ ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్ గెలిచింది ఒక్క శాతం కన్నా తక్కువ తేడాతో.

అందులో నాకు అన్నిటికంటే నచ్చింది వాన. అల్లర్లు జరిగిన ఊళ్లు, జరగని ఊళ్లు మొదటినుంచీ వేరుగా ఉండవచ్చు కదా, ఓటు తేడా అల్లర్ల వల్లే అని ఎలా చెబుతాం? మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4న హత్యకు గురైన తర్వాతి రోజుల్లో ఎక్కడ వాన పడిందో ఆయన చూశాడు. వాన పడితే జనం వీధుల్లోకి తక్కువగా వస్తారు. వానకు పార్టీ లేదు, కులం లేదు, జాతి లేదు. తడిసిన కౌంటీలనూ పొడిగా ఉన్న కౌంటీలనూ పోలిస్తే అల్లర్ల ప్రభావం విడిగా బయటపడుతుంది. టీవీ తీర్పులు చెప్పేవారెవరైనా ఎదురైతే ‘మీ వాన ఏది?’ అని అడగాలనిపిస్తుంది నాకు.

పని ఎలా చేయాలంటే, మొదటి ఇరవై నాలుగు గంటల ఫొటోలు, వీడియోలు ముందేసుకుని కూర్చోండి. ఎక్కువ చోట్ల తిరిగిన బొమ్మ ఏది? లాఠీ ఎత్తిన చెయ్యా, రాయి ఎత్తిన చెయ్యా? నిజంగా ముందు జరిగింది ఏదో వేరే వరుసలో రాయండి. రెండిటికీ పొంతన లేకపోతే అక్కడ గుర్తు పెట్టండి. న్యాయ విచారణ నివేదిక వచ్చినప్పుడు మళ్లీ చూడాల్సిన చోటు అదే. అయితే అప్పటికి జనాభిప్రాయం గట్టిపడిపోయి ఉంటుంది. నివేదికలు నిజాన్ని సరిదిద్దినంత తేలిగ్గా మనసులను సరిదిద్దలేవు.

సర్వేలో అడిగింది ఏ ప్రశ్న?

‘ఆందోళనకు జనం మద్దతు పోయింది’ అన్న వాక్యం వస్తే వెంటనే నమ్మకండి. ఆశయానికి మద్దతా, పద్ధతికి మద్దతా? ఫ్రాన్స్‌లో ఇంధన పన్ను పెంపు మీద మొదలైన పసుపు చొక్కాల ఆందోళనలో, 2018 డిసెంబరు 1న, పారిస్ విజయ తోరణం మీద రాతలు రాశారు, లోపల శిల్పాలు పగలగొట్టారు. ఆ వెంటనే జరిగిన ఒక సర్వేలో పదిమందిలో ఏడుగురికి పైగా ఉద్యమాన్ని సమర్థిస్తున్నామన్నారు. అదే సర్వేలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా హింసను తప్పుపట్టారు. రెండూ ఒకే మనుషుల మాటలు. శీర్షిక పెట్టేవాడు ఏ అంకె ఎంచుకుంటే దేశం అటు తిరిగినట్టు కనిపిస్తుంది. డెస్కు మనిషిగా చెబుతున్నాను, ఆ అంకె ఎంపిక చాలాసార్లు శీర్షికలో పట్టే అక్షరాల సంఖ్యను బట్టి జరిగిపోతుంది.

ఎవరిని అడిగారన్నది కూడా చూడాలి. హింస అందరినీ వెనక్కి తరుముతుందన్న సూత్రం 1992 లాస్ ఏంజెలెస్‌లో తప్పింది. రోడ్నీ కింగ్ అనే నల్లజాతి వాహనదారుణ్ణి కొట్టిన పోలీసులను జ్యూరీ వదిలేసిన ఏప్రిల్ 29న మొదలైన అల్లర్లలో అరవై మందికి పైగా చనిపోయారు. ఆ నగర ఓటర్లు ప్రభుత్వ పాఠశాలల నిధుల వంటి ప్రతిపాదనల మీద ముందు ఎలా ఓటేశారు, తర్వాత ఎలా వేశారు అని పరిశోధకులు పోల్చి చూస్తే, మొగ్గు సంక్షేమం వైపే పెరిగింది. నల్లజాతివారిలోనే కాదు, తెల్లజాతివారిలో కూడా. వాట్స్ తర్వాత దేశం ఒక దిక్కుకు, ఈసారి నగరం ఇంకో దిక్కుకు ఎందుకు వెళ్లాయి? నా ఊహ ఇది: పోలీసులు కొడుతున్న వీడియోను అప్పటికి ఏడాదిగా అందరూ చూసి ఉన్నారు. మొదటి దెబ్బ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు అల్లర్లకు ముందే జనం మనసులో ఉంది. పైగా దేశమంతటి ఓటరు దూరం నుంచి చూస్తాడు, నగర ఓటరు అదే వీధిలో ఉంటాడు.

హాంకాంగ్ 2019 కూడా ఇలాగే సూత్రాన్ని ఇబ్బంది పెడుతుంది. జూన్ 9న నిర్వాహకుల లెక్క ప్రకారం పది లక్షల మంది శాంతియుతంగా నడిచారు. నిందితులను చైనా ప్రధాన భూభాగానికి అప్పగించే వీలు కల్పించే బిల్లు మీద చర్చ కొనసాగుతుందని ప్రభుత్వం ఆ రాత్రే ప్రకటించింది. 12న శాసనమండలి చుట్టూ ఘర్షణలు, రబ్బరు గుళ్లు. 15న బిల్లు నిలిపివేత. జూలై 1న మండలి భవనంలోకి చొరబడినవారు ఒక స్తంభం మీద రాసిన వాక్యం ప్రపంచమంతా తిరిగింది: శాంతియుత ప్రదర్శనలు పనికిరావని నేర్పింది మీరే. నెలల తరబడి పెట్రోలు సీసాలు, బాష్పవాయువు చూసిన తర్వాత కూడా నవంబరు 24 జిల్లా మండళ్ల ఎన్నికల్లో 18కి 17 మండళ్లు ప్రజాస్వామ్యవాదుల చేతికి వచ్చాయి. జనం ఎదురు తిరగలేదు. కానీ 2020 జూన్ 30న బీజింగ్ తెచ్చిన జాతీయ భద్రతా చట్టం ఆ ఓటును అడగలేదు. అందుకే మీ కాగితంలో ఇంకో వరుస ఉండాలి: ఈ ప్రభుత్వానికి ప్రజాభిప్రాయంతో పని ఉందా? ఎన్నికలకు ఎంత దూరంలో ఉంది? దాని బలం ఓటరు నుంచి వస్తుందా, ఇంకెక్కడి నుంచైనా వస్తుందా? ఆ వరుస ఖాళీగా పెట్టి సర్వే అంకెలు ఎన్ని పేర్చినా ఉపయోగం లేదు.

ఒక చేత్తో ఇచ్చేది, ఇంకో చేత్తో తీసుకునేది

ప్రభుత్వం లొంగిందా, అణచిందా అని అడగడం అలవాటు. దాదాపు ప్రతిసారీ రెండూ చేస్తుంది, ఒక్కోసారి ఒకే కాగితం మీద. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత అమెరికాలో నూరుకు పైగా నగరాల్లో అల్లర్లు జరిగాయి. హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చింది. మంచిదే కదా అనుకుంటాం. అదే చట్టంలో, కొన్ని పేజీల అవతల, అల్లర్లకు ప్రేరేపించడానికి రాష్ట్ర సరిహద్దులు దాటితే ఫెడరల్ నేరం అన్న అధ్యాయం ఉంది. ఆ జూన్‌లోనే పోలీసు శాఖలకు కేంద్రం నుంచి నిధులిచ్చే మరో చట్టం తోడైంది.

బ్రిటన్‌లో 1981 కూడా అంతే. ఏప్రిల్లో బ్రిక్స్‌టన్ అల్లర్ల తర్వాత న్యాయమూర్తి స్కార్‌మన్ విచారణ జరిగింది. ఆ చర్చల నేపథ్యంలో 1984లో పోలీసుల తనిఖీ అధికారాలకు, నిందితుడి హక్కులకు హద్దులు గీసిన చట్టం వచ్చింది. అదే 1981 జూలైలో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్‌లో బ్రిటన్ ప్రధాన భూభాగంలో మొదటిసారిగా జనం మీద బాష్పవాయువు ప్రయోగించారు. ఫ్రాన్స్ పసుపు చొక్కాలకు డిసెంబరులో ఇంధన పన్ను పెంపు రద్దు, కనీస వేతనం వారికి నెలకు వంద యూరోల పెంపు దక్కాయి. నాలుగు నెలలు తిరిగేసరికి ప్రదర్శనలో ముఖం కప్పుకుంటే ఏడాది జైలు అన్న చట్టం దిగింది. పన్ను రద్దు ఒక ఏడాది బడ్జెట్ విషయం, ముఖం కప్పుకోవడం నేరమన్నది శిక్షాస్మృతిలో నిలిచిపోయే విషయం. ఇచ్చినదాని ఆయుష్షును, తీసుకున్నదాని ఆయుష్షును పక్కపక్కన రాయండి. ఇది చేసేవాళ్లు చాలా తక్కువ.

విచారణ సంఘం వేశారన్న వార్తకు మురిసిపోనక్కర్లేదు, పెదవి విరవనూ అక్కర్లేదు. స్కార్‌మన్‌లా చట్టంలో తేలేవి కొన్ని ఉంటాయి. 1967 అల్లర్ల మీద జాన్సనే వేసిన కెర్నర్ సంఘం జాతివివక్షే మూలమని తేల్చి ఇళ్లు, ఉద్యోగాల మీద భారీగా ఖర్చుపెట్టమంటే, ఆ అధ్యక్షుడే మొహం చాటేశాడు. నివేదికలో సిఫారసు ఉందా అని కాకుండా దాని ఎదురుగా బడ్జెట్ పద్దు ఉందా అని చూడండి.

ఉద్యమం లోపల ఏం జరిగింది?

ఇది విలేకరులు తరచూ వదిలేసే గది. 1922 ఫిబ్రవరిలో చౌరీ చౌరా ఠాణాకు నిప్పుపెట్టి పోలీసులను చంపినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం స్పందించకముందే గాంధీ స్పందించారు. ఫిబ్రవరి 12న బార్డోలీలో సహాయ నిరాకరణ నిలిచిపోయింది. జైల్లో ఉన్న సహచరులు మండిపడ్డారు. ఉద్యమం ఆగింది కదా అని సర్కారు మెత్తబడిందా? మార్చిలో గాంధీని అరెస్టు చేసి ఆరేళ్ల శిక్ష వేసింది. చౌరీ చౌరా కేసులో సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష విధించింది, హైకోర్టు 19 మందికి ఖాయం చేసింది.

లోపలి గదిలో చూడాల్సినవి: తర్వాతి ప్రదర్శనకు ఎవరు రావడం మానేశారు? వృద్ధులు, పిల్లల తల్లులు, ఉద్యోగస్థులు తగ్గి కుర్రాళ్లే మిగిలితే జనబలం కరుగుతోందని అర్థం. ఎరికా చెనోవెత్, మరియా స్టెఫన్ 1900 నుంచి 2006 దాకా 323 ఉద్యమాలను లెక్కగట్టి, అహింసా పోరాటాల్లో 53 శాతం, సాయుధ పోరాటాల్లో 26 శాతం గెలిచాయన్నప్పుడు వాళ్లిచ్చిన ప్రధాన కారణం ఇదే, పాల్గొనేవారి సంఖ్య. ఈ అంకెలను ఎక్కడపడితే అక్కడ అతికించేవాళ్లు ఒకటి మరచిపోతారు. అవి ప్రభుత్వాలను దించడానికో, పరాయి పాలనను వదిలించుకోవడానికో జరిగిన పోరాటాలు. పన్ను తగ్గించమన్న ఊరేగింపులో నాలుగు రాళ్లు పడడం ఆ లెక్కలోకి రాదు.

అతివాదులు పక్కన ఉంటే మితవాదులకు లాభమా నష్టమా అన్నది పాత తగువు. ప్రయోగాల్లో ఒక విషయం తేలింది. అతివాద వర్గం దుందుడుకుగా కనిపిస్తే, అదే ఆశయంతో ఉన్న మితవాద వర్గానికి మద్దతు పెరగవచ్చు. కానీ అది జనం ఇద్దరినీ వేరుగా గుర్తించినప్పటి మాట. అందరిదీ ఒకే జెండా, ఒకే పేరు అయితే ఆ లాభం దొరకదు. కాబట్టి మర్నాడు నాయకత్వం ఏమందో మాటకు మాట రాసి పెట్టుకోండి. ‘మావాళ్లు కాదు’ అందా, ‘మావాళ్లే, అయినా తప్పు’ అందా, ‘ఇది ప్రజాగ్రహం’ అందా, ఏమీ అనలేదా.

ఎప్పుడు తేల్చాలి

మర్నాడు రాయదగ్గది ఏం జరిగిందన్నదే. వారంలో సర్వేలు, ప్రకటనలు వస్తాయి, అవి ఆవేశంలో ఉన్నవి. తర్వాతి ఎన్నిక, తర్వాతి బడ్జెట్, విచారణ నివేదిక, ఈ మూడింటిలో రెండైనా వచ్చేదాకా ‘ఫలించింది’, ‘వికటించింది’ అన్న క్రియలను నేను కాపీలోంచి కొట్టేసేవాణ్ణి. ‘తర్వాత’ అని ఉన్నచోట ‘వల్ల’ అని మార్చి పంపే ఉత్సాహవంతులు ప్రతి డెస్కులోనూ ఉంటారు, వాళ్ల కాపీని రెండోసారి చూడాలి.

కాగితం చివర కేసులకు చోటు ఉంచండి. 2011 ఆగస్టు ఇంగ్లండు అల్లర్ల తర్వాత కోర్టులు రాత్రంతా పనిచేశాయి. అల్లర్లకు రమ్మని ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చిన ఇద్దరు యువకులకు, ఆ పిలుపు విని ఒక్క అల్లరీ జరగకపోయినా, నాలుగేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది. ప్రధాన వార్త పేజీ మారిపోయిన ఎన్నో నెలలకు కూడా ఇలాంటి కేసులు నడుస్తూనే ఉంటాయి. ఎంతమంది మీద పెట్టారు, ఏ సెక్షన్ల కింద, ఎన్ని ఎత్తేశారు, ఎన్ని మిగిలాయి అన్న నాలుగు అంకెలను ఆరు నెలలకోసారి కోర్టు విలేకరిని అడిగి తాజా చేస్తూ ఉండండి.